సింగపూర్ పక్కన మల్కాజిగిరి

2019 లోక్‌సభ ఎన్నికల నాటికి మల్కాజిగిరి నియోజకవర్గంలో ఓటర్లు 31 లక్షల పైచిలుకు. ఆ మరుసటి ఏడాది సింగపూర్ దేశమంతటికీ ఎన్నికలు జరిగాయి. అక్కడి మొత్తం ఓటర్లు 26 లక్షల 50 వేలు. ఆ దేశం ఓటర్లందరినీ కలిపినా మన ఒక్క ఎంపీ సీటుకి సరిపోరన్నమాట. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన రోజు నుంచీ మా ఇంట్లో ఏళ్ల తరబడి నడుస్తున్న సింగపూర్ వాదన నాకు ఇంకోలా వినబడుతోంది.

నేను ఏడేళ్లు సింగపూర్‌లో ఉద్యోగం చేసి వచ్చాను. అప్పుడు సెలవులకొచ్చిన ప్రతిసారీ, ఇప్పుడు పూర్తిగా వచ్చేశాక కూడా, నలుగురం భోజనాలకి కూర్చున్నామంటే ఆ మాట రాక తప్పదు. మా బాబాయి మొదలెడతాడు. "ఒరే, అదెంత దేశంరా? మన జిల్లాలో ఓ మూలకి రాదు. అంత చిన్నదాన్ని ఎవడైనా అద్దంలా ఉంచుతాడు. నూట నలభై కోట్ల మందిని ఏలమను, చూద్దాం." మా మేనత్త కొడుకు ఊరుకోడు. "చిన్నా పెద్దా కాదు మామయ్యా. మనకీ వాళ్ల తొలి ప్రధాని లీ క్వాన్ యూ లాంటివాడు ఒక్కడు పదేళ్లు దొరికితే చాలు. కర్ర పుచ్చుకుని అందర్నీ దారిలో పెడతాడు."

చాలాకాలం ఇద్దరికీ తలూపాను. ఇప్పుడు ఇద్దరిదీ తప్పే అనిపిస్తోంది, అదీ ఒకే తప్పు. ఇద్దరూ సింగపూర్‌ని భారతదేశంతో పోలుస్తున్నారు. సింగపూర్ విస్తీర్ణం ఈరోజు 735 చదరపు కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. 1965లో మలేషియా నుంచి విడిపోయేనాటికి అది 580 మాత్రమే, మిగతాది సముద్రాన్ని పూడ్చి సంపాదించుకున్న నేల. 2007లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 650కి అటూ ఇటూగా ఉండేది. జనాభా చూసినా రెండూ ఒక బరువువే. కాబట్టి సింగపూర్ పక్కన నిలబెట్టాల్సింది దేశాన్ని కాదు, ఒక నగరాన్ని. అలా నిలబెట్టిన మరుక్షణం బాబాయి చెప్పే సాకు చెల్లదు. బావ చెప్పే మందూ పనిచెయ్యదు.

ముందు బాబాయి సంగతి.

మేం అద్దెకున్నది ఈషూన్‌లో, ప్రభుత్వ గృహనిర్మాణ బోర్డు హెచ్‌డీబీ కట్టిన పొడుగాటి బ్లాకులో. ఆ బ్లాకుల కింద నేలంతస్తుని గోడల్లేకుండా ఖాళీగా వదిలేస్తారు. వాయిడ్ డెక్ అంటారు. మలయ్‌వాళ్ల పెళ్లిళ్లు అక్కడే, చైనావాళ్ల చావు కార్యక్రమాలూ అక్కడే. వారంలో ఒక సాయంత్రం మాత్రం అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసేవాళ్లు. ఆ ప్రాంతం ఎంపీ వచ్చి జనాన్ని కలిసే రోజది. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి లిఫ్టు కోసం నిలబడి చూస్తుండేవాణ్ణి. ఒకసారి ఒక ముసలావిడ, చేతిలో మడతలు నలిగిపోయిన కరెంటు బిల్లు, పక్కన మనవడు. ఆవిడ చైనా మాటల్లో ఏదో చెబుతోంది, మనవడు ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు, ఎదురుగా కూర్చున్న కార్యకర్త ల్యాప్‌టాప్‌లో ఉత్తరం కొడుతున్నాడు. ఆ కాగితం ఎంపీ బల్ల మీదకి వెళ్లింది. ఆయన చదివి, ఆవిణ్ణి ఏదో ఒక మాట అడిగి, ఒక వాక్యం కొట్టేసి, పైన చేత్తో రాసి సంతకం పెట్టాడు. రాత్రి పదయినా కుర్చీలు ఖాళీ కాలేదు.

ఆ ఎంపీకి ఇంకో బాధ్యత కూడా ఉంది. ఆ బ్లాకుల లిఫ్టులు, మెట్లు, దీపాలు, చెత్త, కింద ఖాళీ జాగాలు చూసుకునే టౌన్ కౌన్సిల్‌ని నడిపేది ఎంపీలే. 1988లో దానికి చట్టం చేశారు. లిఫ్టు ఆగిపోతే ఎవర్ని అడగాలో ఏడో అంతస్తు ముసలావిడకి తెలుసు, అడిగించుకునేవాడికీ తెలుసు. 2025 ఎన్నికల్లో అక్కడ 27 లక్షల 50 వేల పైచిలుకు ఓటర్లకి ఎన్నికైన ఎంపీలు 97 మంది. అంటే ఒక్కొక్కరికి 28 వేల చిల్లర. మరి 2020 డిసెంబరులో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలకి ఓటర్లు 74 లక్షలు, కార్పొరేటర్లు 150 మంది. ఒక్కొక్కరికి దాదాపు 50 వేలు. అక్కడి ఎంపీ మోసే జనం ఇక్కడి కార్పొరేటర్ మోసే జనం కంటే తక్కువ!

ఈ లెక్క చెబితే బాబాయి సంబరపడ్డాడు. "చూశావా, నేను చెప్పిందదే కదా, చిన్నది కాబట్టే." కాదు బాబాయ్. కార్పొరేటర్ల సంఖ్య 150 అని ఆకాశవాణి చెప్పలేదు, మనమే పెట్టుకున్నాం. కావాలంటే అప్పుడే మూడొందలు చేసుకుని ఉండొచ్చు. దేశం పెద్దదయినంత మాత్రాన వీధిని చూసేవాడు దూరంగా ఉండాలని ఎక్కడా లేదు. పోనీ సంఖ్య సంగతి పక్కన పెడదాం. అసలు ఆ కార్పొరేటర్ చేతిలో ఏముంది?

తిరిగొచ్చిన మొదటి వానాకాలంలో మా వీధిలో మురుగు పొంగింది. ఒక ఆఫీసుకెళ్తే అది వాననీటి కాలువ, మా కిందకి రాదన్నారు. రెండో ఆఫీసువాళ్లు వచ్చి మూత తీసి చూసి, ఇందులో మురుగు గొట్టం కలిపేశారు, మొదటివాళ్లదే పని అన్నారు. మూడోవాళ్లు, తవ్వాలంటే రోడ్డు మాది, అనుమతి కావాలన్నారు. నలభై రోజులు ఆ నీళ్లలో ఇటుకలు పరుచుకుని నడిచాం. చివరికి మా కార్పొరేటర్ వచ్చాడు. మంచి మనిషి, ప్యాంటు మడుచుకుని నీళ్లలో దిగి చూశాడు. గట్టెక్కి, చేతులు కడుక్కుంటూ, "నా సంతకంతో ఒక్క బస్తా సిమెంటు రాదు సార్. ఫైలు పైనుంచి దిగాలి" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఉన్నమాటే చెప్పాడు.

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి అమల్లోకొచ్చింది. నగరపాలన నగరం చేతికి రావాలని, ప్రణాళిక, నీళ్లు, రోడ్లు, పారిశుద్ధ్యం వంటి 18 పనులు పట్టణ సంస్థలకి ఇవ్వొచ్చని రాసుకున్నాం. ముప్పై ఏళ్లు దాటింది. మేయర్‌కి బంట్రోతు ఉంటాడు, కారుంటుంది. కమిషనర్‌ని వేసేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం, నీళ్లకి వేరే బోర్డు, లేఅవుట్లకి వేరే సంస్థ. విశాఖపట్నం నగరంలో 2012లో పాలకవర్గం గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. బెంగళూరులో 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల గడువు తీరిపోయాక ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. కోటిమందికి పైగా ఉన్న నగరం అది. సింగపూర్‌లాంటివి రెండు పట్టేంత జనం, వాళ్ల వీధికంటూ ఎన్నుకున్న మనిషి అన్నేళ్లూ లేడు. దీన్ని "దేశం పెద్దది" అన్న మాటతో కప్పెయ్యడం నాకు చేతకాదు.

చిన్నదవడమే బాగుపడడానికి కారణమైతే నౌరు ఇంకెంత బాగుండాలి? 21 చదరపు కిలోమీటర్ల ద్వీపం. ఫాస్ఫేటు తవ్వకాలతో ఒకప్పుడు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉండేది. ఖనిజం అయిపోయింది, డబ్బు కరిగిపోయింది, నడిమధ్య నేలంతా గుల్ల. మన పక్కనే శ్రీలంక, అదీ ద్వీపమే, 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు తీర్చలేమని చేతులెత్తేసింది. పోనీ సింగపూర్‌లో అంతా ఒకే జాతి, అందుకే కుదిరిందంటారా? అధికార భాషలే నాలుగు. 1964లో మలయ్, చైనా వర్గాల మధ్య రెండుసార్లు ఘోరమైన అల్లర్లు జరిగాయి. ఆ భయంతోనే 1989 నుంచి ప్రతి హెచ్‌డీబీ బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమంది మించకూడదో కోటా పెట్టి మరీ కలిపి ఉంచుతున్నారు.

భయం అన్నాను కదా, నాకు తెలిసినంతలో ఆ దేశాన్ని నడిపేది అదే. అక్కడున్న ఏడేళ్లలో నేను నిజంగా నేర్చుకున్నది కూడా అదొక్కటే. 1942లో జపాన్ సైన్యం మీదికొస్తుంటే బ్రిటిష్‌వాళ్లు ఇప్పుడు మలేషియాలో ఉన్న జొహోర్ వైపు వంతెన పేల్చేశారు, దాంతోపాటే అవతలి నుంచి నీళ్లొచ్చే గొట్టమూ పోయింది. రెండు వారాలకి లొంగిపోయారు. ఆ జ్ఞాపకం ఇప్పటికీ అక్కడి నీళ్ల లెక్కల్లో ఉంది. మలేషియాతో 1962లో చేసుకున్న నీటి ఒప్పందం 2061లో ముగుస్తుంది. ఆ ఏడాది అక్కడ బడిపిల్లలకి కూడా తెలుసు. అందుకే 2003లో మురుగునీటిని వడకట్టి, శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం మొదలెట్టారు. 2005లో సముద్రపు నీటిని మంచినీళ్లు చేశారు. 2008లో నది సముద్రంలో కలిసేచోట అడ్డుకట్ట వేసి ఊరి నడిబొడ్డునే చెరువు చేసుకున్నారు. ఆ ద్వీపంలో మూడింట రెండు వంతుల నేల మీద పడే వాన ఏదో ఒక జలాశయంలోకి చేరుతుంది.

2022 జూన్‌లో మలేషియా కోళ్ల ఎగుమతి ఆపేసింది. మరునాడే మా ఆఫీసు కింద చికెన్ రైస్ అమ్మే పెద్దాయన గాజు పెట్టెలో కొక్కేలు ఖాళీగా వేలాడుతున్నాయి. ఆయన బల్ల తుడుస్తూ నిలబడ్డాడు, అంతే. 2023లో మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపినప్పుడు సింగపూర్ ప్రత్యేకంగా అడిగి మినహాయింపు తెచ్చుకుంది. తినే తిండిలో 90 శాతానికి పైగా బయటి నుంచి వచ్చే దేశానికి ఒక పొరుగుదేశం గెజిట్ కాగితం చాలు, పొయ్యి ఆరిపోడానికి. మనకా బెంగ లేదు. కృష్ణ ఎండితే గోదావరి నుంచి తెస్తాం, ఇక్కడ పంట పోతే పంజాబ్ బియ్యం రైలెక్కి వస్తుంది. పెద్ద భూభాగం ఇచ్చే గొప్ప వరం ఇది. పట్టణాల్ని పాడు చేసింది కూడా ఈ వరమే అని నా అనుమానం. ఎప్పుడూ ఇంకో నది ఉంటుంది, ఇంకో ఊరి పొలం ఉంటుంది, ఇంకాస్త దూరం నుంచి ఇంకో గొట్టం.

భయపడ్డ రోజున మనమూ చేశాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది పోయారు. మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన చెప్పినదాన్నిబట్టి 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ లేచాయి. వరద ఆపడానికి కట్టినవే తాగునీళ్లూ ఇచ్చాయి. ఇరుకు బస్తీలు బాగుచెయ్యడానికి 1912లోనే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. సింగపూర్‌లో అలాంటి సంస్థ వచ్చింది 1927లో. మనం పదిహేనేళ్లు ముందున్నాం! ఆ జంట చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్యం తెచ్చే కట్టడాలు కూడదని 1996లో 111వ నంబరు జీవో ఇచ్చారు. 2022లో దాన్ని ఎత్తేస్తున్నామన్నారు, ఆ చెరువుల అవసరం నగరానికి ఇప్పుడు లేదన్నది వాదన. కృష్ణ, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా అని. ద్వీపంలో ఈ వాక్యం ఎవరి నోటా రాదు.

ఇక బావ సంగతి. ఇది కష్టమైన భాగం, ఎందుకంటే బావ మెచ్చుకునేవాటిని నేనూ అనుభవించాను. రాత్రి పన్నెండింటికి నా భార్య ఒంటరిగా బస్సు దిగి నడిచొచ్చేది. 1961లో బుకిట్ హో స్వీ గుడిసెలు తగలబడి 16 వేలమంది వీధిన పడితే, అంతకు ఏడాది ముందే పుట్టిన హెచ్‌డీబీ ఏడాది తిరిగేలోపే అక్కడే ఇళ్లు కట్టడం మొదలెట్టి వాళ్లకి ఇచ్చింది. ఇప్పుడు పదిమంది సింగపూర్‌వాసుల్లో దాదాపు ఎనిమిదిమంది ఉండేది హెచ్‌డీబీ ఇళ్లలోనే. గొప్ప పని. మాటల్లో తగ్గించను.

కానీ ఆ ఇళ్లు లేచిన నేల ఎలా వచ్చిందో కూడా చూడు బావా. 1966లో భూసేకరణ చట్టం తెచ్చారు. 1973లో దాన్ని సవరించి, ఆ ఏడాది ధరనే పరిహారానికి గీతగా పెట్టారు. మార్కెట్ ధర పూర్తిగా ఇవ్వడం 2007లో గానీ మొదలవలేదు. ఇవాళ అక్కడ భూమిలో దాదాపు 90 శాతం ప్రభుత్వానిదే. ఆ పని చేస్తున్న రోజుల్లో అధికారంలో ఉన్న పార్టీ ఒక్కటే, 1959 నుంచి ఈనాటిదాకా అధికారం మారలేదు. అదే సింగపూర్‌వాళ్లు అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చారు. సుమారు 34 వేల ఎకరాలు రైతులు ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు. 2015లో శంకుస్థాపన, 2019లో ప్రభుత్వం మారింది, సింగపూర్ సంస్థలతో ఒప్పందం రద్దయింది, 2024లో మళ్లీ మారింది. ప్లాన్ గీసినవాళ్లకి అలవాటైన నేలలో అయిదేళ్లకోసారి ఇలా తిరగబడడం అన్నది లేదు. మన ఓటు తిరగబడుతుంది. దాన్ని తీసేసుకుని రోడ్లు ఇస్తానంటే నేను పుచ్చుకోను. పొలమిచ్చి ఎదురుచూసిన రైతుకి న్యాయం జరగాలంటే కావలసింది కర్ర పట్టుకున్నవాడు కాదు, ఎవరొచ్చినా కట్టుబడక తప్పని ఒప్పందం.

భూమి కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. సింగపూర్ నగరానికి గేటుంది. ఎవరు రావాలో, ఎన్నేళ్లుండాలో, ఎప్పుడు పోవాలో ఆ గేటు దగ్గర నిర్ణయిస్తారు. 60 లక్షల జనాభాలో 18 లక్షలమందికి పైగా పౌరులూ కారు, శాశ్వత నివాసులూ కారు. నాలాంటి కంప్యూటర్ ఉద్యోగి జీతాన్నిబట్టి భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చు. ఓడ అతికే వెల్డరుకి, ఇళ్లు కట్టే మేస్త్రికి ఆ వీల్లేదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు అక్కడివాళ్లని పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి ఆరునెలలకోసారి గర్భపరీక్ష. పొద్దున్నే మా బస్టాప్ ముందు నుంచి లారీలు పోయేవి, వెనక తొట్టిలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మనుషులు, తలలు ఊగుతూ నిద్ర. ఆ అద్దంలాంటి ఊరిని తుడిచేది వాళ్లు. వాళ్లకి ముసలితనం వచ్చేది అక్కడ కాదు, వాళ్ల పిల్లలకి బడి కావలసింది అక్కడ కాదు, మంచాన పడేదీ అక్కడ కాదు. ఆ ఖర్చంతా ఏ తమిళనాడు పల్లెదో, బంగ్లాదేశ్ పల్లెదో. సింగపూర్‌కి పల్లెలు లేవని అంటారు. ఉన్నాయి, వేరే దేశాల్లో ఉన్నాయి.

మన నగరాలకి గేటు లేదు. పాలమూరులో వాన పడకపోతే ఆ బస్సు తిన్నగా హైదరాబాద్ వస్తుంది. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది, దాన్ని ఆపే చేయి ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. 2020లో ఈ తేడా కళ్లారా చూశాం. అక్కడ మూడు లక్షలమంది కార్మికుల్ని డార్మిటరీల్లో ఉంచి తలుపులేశారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో దాదాపు సగంమందికి కోవిడ్ సోకింది. ఊళ్లో మేం బజారుకెళ్లడం మొదలెట్టాక కూడా చాలాకాలం వాళ్లు గదులు దాటలేదు. ఇక్కడ మార్చి 24 రాత్రి ప్రకటన వచ్చింది, నాలుగు గంటల్లో దేశం ఆగిపోయింది, పిల్లల్ని భుజాలకెత్తుకుని జనం వందల మైళ్లు నడిచారు. రెండూ సిగ్గుపడాల్సినవే. గేటున్న ఊరు వాళ్లని లోపల బిగించింది, గేటు లేని ఊరు పట్టించుకోకుండా వదిలేసింది.

సింగపూర్‌లో ఆదివారాలు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లేవాళ్లం. ప్రసాదం వరసలో ఒకాయన పరిచయమయ్యాడు. సోంపేట వైపు మనిషి, సెంబవాంగ్‌లో ఓడల పని. "పదకొండేళ్లయిపోనాది బాబూ. ఈ ఊళ్లో ఎన్ని గొట్టాలు అతికినానో నాకే తెల్దు. మా యావిడ్ని, పిల్లల్ని తెచ్చి ఒక్కపాలి నాతో ఉంచుకోడానికి మాత్రం రూలు లేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, ఆ ఊరంటే ఆయనకి గౌరవమే.

పోయినేడు ఫోన్ చేశాడు. పర్మిట్ పొడిగించలేదట, వచ్చేశాడు. విశాఖ శివార్లలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాడు, గాజువాక వైపు వెల్డింగ్ పని దొరికింది, పిల్లలిద్దరూ దగ్గరే బడిలో ఉన్నారు. "ఇక్కడ ఎల్లిపొమ్మనీవోడు లేడు బాబూ" అని నవ్వాడు. కాసేపు ఆగి, ఇంటి ముందు కాలవ నెల నుంచీ పొంగుతోందని, చిన్నదానికి జొరం తగ్గడం లేదని చెప్పాడు. ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టమన్నాడు.

ఆ రాత్రే కూర్చుని రాశాను. కాలవ పొడవు, పొంగుతున్న చోటు, ఎన్ని ఇళ్లు, ఎంతమంది పిల్లలు, అంతా ఒక పేజీలో వచ్చింది. పంపేముందు పైన పేరు కోసం ఫోన్ చేశాను. ఆయన పక్కింటివాళ్లని కేకేసి అడిగాడు. వాళ్లలో వాళ్లు కాసేపు మాట్లాడుకున్నారు, నాకు వినబడుతూనే ఉంది. తర్వాత ఫోన్ దగ్గరకొచ్చి, "ఎవుల పేర్న రాయాలో మీకే తెలవాలి గదా బాబూ" అన్నాడు.